నేను కొట్టేసిన డిసెంబరు

లోతు పెరిగేకొద్దీ నీటి ఉష్ణోగ్రత కూడా పెరుగుతున్నట్టు కనిపిస్తే ఆ రీడింగును తీసెయ్యమని చెప్పే లైను ఒకటి నా ప్రోగ్రాములో ఉండేది. రాసింది నేనే. రాయమని ఎవరూ చెప్పలేదు. సముద్రాన్ని ఎండ పైనుంచి వేడెక్కిస్తుంది కాబట్టి పైన వెచ్చగా, కిందికి పోయేకొద్దీ చల్లగా ఉండాలి. అలా లేదంటే పరికరం పాడైనట్టే. ఇందులో తప్పేముందని ఆ రోజుల్లో నన్నెవరైనా నిలదీస్తే వాళ్ళ చదువు మీదే నాకు అనుమానం వచ్చేది. ఆ ఒక్క లైనుతో కొన్నేళ్ళపాటు విశాఖపట్నం సముద్రంలో చలికాలమే లేకుండా చేశాను.

మా పని చెప్పుకోవడానికి తేలికే. విశాఖ ఒడ్డు నుంచి సుమారు 40 కిలోమీటర్ల దాకా సముద్రం అడుగు మెల్లగా వాలుతూ పోయి, ఆ తర్వాత ఉన్నట్టుండి లోతులోకి జారిపోతుంది. మెల్లగా వాలే ఆ భాగాన్ని ఖండతీరపు అంచు అని పాఠ్యపుస్తకాలు రాస్తాయి, మేం షెల్ఫ్ అంటాం. అద్దెకు తీసుకున్న మరపడవలో ఒకే గీత మీద ఒడ్డు నుంచి షెల్ఫ్ చివర దాకా పోతూ, అక్కడక్కడ ఆగి, సీటీడీ అనే పరికరాన్ని నీళ్ళలోకి దించాలి. అది కిందికి దిగుతూ లోతును, ఉష్ణోగ్రతను, నీటి విద్యుత్ వాహకతను రాసుకుంటుంది. వాహకత నుంచి లవణీయత లెక్క కడతాం. నడిసముద్రంలో ఈ పనిని ఆర్గో ఫ్లోట్లు చేస్తాయి. రెండు వేల మీటర్ల లోతు నుంచి వాటంతట అవే కొలుచుకుంటూ పైకొచ్చి ఉపగ్రహానికి కబురు పంపుతాయి. షెల్ఫ్ మీద వాటికి చాలినంత లోతు ఉండదు. అక్కడికి మనిషి వెళ్ళాల్సిందే, వాంతులు చేసుకుంటూనైనా సరే. అందుకే ఒడ్డు దగ్గరి నీళ్ళ గురించి ఉన్న లెక్కలు తక్కువ. ఆ తక్కువలో ఒకడు తప్పు చేస్తే దాన్ని పట్టుకోడానికి పక్కన ఇంకొకడి లెక్క ఉండదు.

నేను సముద్రాన్ని చదువుకున్నది పడమటి తీరం పుస్తకాల్లో. అక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల కాలంలో కేరళ ఒడ్డు వెంబడి అడుగునీరు పైకి వస్తుంది. చల్లగా, ఎరువు నిండి ఉండే నీరది. కవళ్ళ వేట దాని మీదే నడుస్తుంది. మనకూ అదే రుతుపవనం కదా, ఇక్కడా అదే జరుగుతుందనుకుని బడ్జెట్‌లో ఎక్కువ భాగం జులై, ఆగస్టులకు కేటాయించాను. ఫిబ్రవరి, మార్చి నెలలకు నామమాత్రంగా ఏదో ఉంచాను.

మన తీరంలో అడుగునీరు గట్టిగా పైకొచ్చేది ఫిబ్రవరి నుంచి మే దాకా. ఎండలు ముదురుతున్నప్పుడు నైరుతి గాలి తీరం వెంబడి ఈశాన్యానికి వీస్తుంది. భూమి తిరగడం వల్ల పైనీరు గాలికి కుడిచేతి వైపుకు, అంటే నడిసముద్రం వైపుకు మళ్ళుతుంది. ఆ ఖాళీని నింపడానికి కిందినుంచి చల్లటి, ఉప్పటి నీరు వాలు వెంబడి ఎక్కుతుంది. అదే రోజుల్లో తీరం పొడవునా ప్రవాహం ఉత్తరానికి ఉరకలు పెడుతుంటుంది. ఈ సంగతి కనుక్కోడానికి నేను కొత్తగా కష్టపడాల్సింది ఏమీ లేదు. అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ 1950ల మొదట్లో వాల్తేరుకు వచ్చి, ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్ళతో కలిసి ఈ నీళ్ళే కొలిచి, తూర్పు తీరంలో నీరు ఎప్పుడు పైకొస్తుందో ఎప్పుడు కిందికి దిగుతుందో 1954లోనే అచ్చు వేశాడు. ఆ సంపుటం లైబ్రరీలో నేను కూర్చునే బల్లకు ఎదుటి బీరువాలోనే ఉండేది. పాతదని తియ్యలేదు.

పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. మరపడవలు జెట్టీలో వరసగా కట్టేసి ఉంటాయి, సరంగులు ఊళ్ళకు పోతారు. నాకు పడవ దొరకదు. ముందే ఫిబ్రవరిని, మార్చిని చిన్నచూపు చూసినవాణ్ణి, ఏప్రిల్, మే నెలలు నిషేధం ఖాతాలో పోయాయి. మా తీరంలో ఏటా జరిగే పెద్ద సంగతుల్లో ఒకటి మొత్తంగా నా నోటుబుక్కులోకి రాకుండా తప్పించుకుంది. అది తప్పు కాదు, దురదృష్టం అని అప్పట్లో రిపోర్టులో రాసుకున్నాను. పడవ దొరకదని ముందే తెలిసినప్పుడు మార్చిలో రెట్టింపు తిరగాలని తోచకపోవడాన్ని దురదృష్టం అనరు.

ఉప్పు విషయంలో ఇంకొంచెం మొండిగా పోయాను. వానలు జులైలో పడతాయి, గోదావరికి జులై, ఆగస్టుల్లో ఎర్రనీరు వస్తుంది, పులసలు ఎదురెక్కుతాయి. సముద్రం ఉప్పు తగ్గాలంటే అప్పుడే తగ్గాలని నా అంచనా. జులైలో సీసాల్లో పట్టుకొచ్చిన నీళ్ళు ల్యాబులో సాలినోమీటరుకు పెడితే లవణీయత అనుకున్నంత తగ్గలేదు. మూతలు సరిగ్గా బిగించలేదేమో, నీరు ఆవిరై ఉప్పు చిక్కబడిందనుకున్నాను. అలా జరగడం మామూలే. రబ్బరు మూత పగిలితే నెల తిరక్కుండా రీడింగు పెరుగుతుంది. అక్టోబరు చివర చూస్తే 34 దగ్గర ఉండాల్సింది 30 లోపలికి పడిపోయింది. ఈసారి సీసాను మంచినీళ్ళతో కడిగి, సముద్రపు నీటితో తొలపకుండానే నింపేశారని ల్యాబు కుర్రాడి మీద అరిచాను. జులైలో ఎక్కువైతే ఒక సాకు, అక్టోబరులో తక్కువైతే ఇంకో సాకు. ఏ నెలకు ఆ నెలకు సరిపోయే సాకు దొరుకుతున్నప్పుడు మనిషికి అనుమానం రావాలి. నాకు రాలేదు. ఆ కుర్రాడికి క్షమాపణ చెప్పింది మాత్రం చాలా ఏళ్ళకు, అతను బ్యాంకు ఉద్యోగంలో చేరిపోయాక.

అసలు జరిగేది ఇది. బంగాళాఖాతానికి అన్నిటికన్నా ఎక్కువ మంచినీరు తెచ్చేవి గంగా బ్రహ్మపుత్రలు. వాటి వరద ఆగస్టులో పతాకస్థాయికి వస్తుంది. ఆ నీరు మొదట ఉత్తరాన పేరుకుంటుంది. వానాకాలం వెళ్ళేటప్పుడు తీరప్రవాహం దిశ మారుతుంది. మార్చిలో ఉత్తరానికి పోయిన అదే ప్రవాహం అక్టోబరు, నవంబరుల్లో దక్షిణానికి పరుగెడుతూ ఆ మంచినీటిని ఒడ్డును ఆనుకుని కిందికి తీసుకొస్తుంది, దారిలో మహానది నీటినీ కలుపుకుంటుంది. అంటే ఆగస్టులో బంగ్లాదేశ్ దగ్గర సముద్రంలో పడ్డ వరద మన ఒడ్డుకు చేరేసరికి ఇక్కడ దసరా, దీపావళి అయిపోతుంటాయి. మా ఊరి వానకూ మా ఊరి సముద్రపు ఉప్పదనానికీ నేను వేసిన ముడి అందుకే తెగిపోయింది.

ఈ నీటి ప్రయాణాన్ని గట్టిగా రుజువు చేసిన లెక్కల్లో ఒకటి జాలర్లు సేకరించింది. మన దేశపు తూర్పు తీరం పొడవునా కొన్ని చోట్ల, వేటకు పోయేవాళ్ళే కొద్ది రోజులకోసారి సీసాలో సముద్రపు నీరు నింపి ఇచ్చారు. ఏళ్ళ తరబడి పోగైన ఆ సీసాల్ని బట్టి 2014లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. ఒడ్డును ఆనుకుని సుమారు వంద కిలోమీటర్ల వెడల్పున తక్కువ ఉప్పు నీరు ఒక పాయగా దిగుతుందనీ, ఉత్తరపు కొస నుంచి దక్షిణపు కొసకు చేరడానికి దానికి రెండున్నర నెలలు పడుతుందనీ అందులో తేలింది. దాన్ని చదువుతున్నప్పుడు మెచ్చుకోలు కన్నా ముందు నాకు కడుపులో మండింది. వాళ్ళ సీసాలూ నా సీసాలూ ఒకటే చెప్పాయి, నేను నావి పారబోశాను.

ఇక డిసెంబరు.

చలిగాలి తగులుతుండగా తెల్లవారుజామున బయల్దేరి, ఎండెక్కే లోపు మొదటి చోట సీటీడీ దించేవాళ్ళం. పైన 25.6 డిగ్రీలు. ఇరవై మీటర్ల దాకా ఇంచుమించు అంతే. అక్కడినుంచి పెరగడం మొదలుపెట్టి, ముప్పై మీటర్లు దాటేసరికి 27.3. ఇంకా కిందికి పోతే మళ్ళీ చల్లబడేది. నేను తల కొట్టుకునేవాణ్ణి. పరికరాన్ని ఖర్చుపెట్టి క్యాలిబ్రేషన్‌కు పంపాను. బాగానే ఉందని కాగితం వచ్చింది. క్యాలిబ్రేషన్ చేసినవాళ్ళను కూడా అనుమానించాను.

పడవ నడిపే పెద్దాయన ఇదంతా చూస్తూ ఉండేవాడు. ఒకరోజు ఆయనే అన్నాడు, "మిసను సెడిపోనేదు బాబూ. ఈ రోజుల్లో మీద సల్లగుంటాది, అడుగున ఎచ్చగుంటాది. లంగరు తాడు పైకి లాగేటప్పుడు సేత్తో పట్టుకు సూడండి."

"అదెందుకలా ఉంటుంది తాతా?" అని అడిగాను, కొంచెం నవ్వుతూనే.

"భూమి ఎచ్చన కదేటి. సలికాలం నూతిలో నీల్లు ఎచ్చగుండవా?"

ఆ జవాబుతో ఆయన చెప్పిన మొదటి మాటను కూడా కొట్టిపారేశాను. భూమి వేడి సముద్రాన్ని ఆ మేరకు వెచ్చబరచదని నాకు తెలుసు. అది నిజమే. కానీ ఆయన చెప్పినవి రెండు. ఒకటి చేత్తో ముట్టుకు తెలుసుకున్నది, ఇంకోటి దానికి తనకు తోచిన కారణం. కారణం తప్పని తేలగానే ముట్టుకున్నది కూడా అబద్ధమని తీర్మానించాను. లంగరు తాడు నా ఎదురుగానే పైకొస్తోంది. చెయ్యి చాపలేదు.

తీరానికొచ్చాక ప్రోగ్రాము నడిపితే డిసెంబరు ప్రొఫైళ్ళు, అంటే ఒక్కో చోట సీటీడీ దించితే వచ్చిన లోతువారీ రీడింగులు, దాదాపు అన్నీ 'చెడ్డవి' కింద పోయేవి. నెల మొత్తం ఖాళీగా కనబడితే రిపోర్టు చూసేవాళ్ళు అడుగుతారని, నవంబరు మొదటి వారానికీ ఫిబ్రవరికీ మధ్య ఒక నున్నటి గీత గీసి డిసెంబరు, జనవరి అంకెలు అందులోంచి తీసి పట్టికలో పెట్టాను. అడుగున చిన్న అక్షరాల్లో 'అంచనా' అని రాశాను. తర్వాత దాన్ని టైపు చేసినవాళ్ళు ఆ మాట వదిలేశారు. నేను దిద్దలేదు.

ఆ పట్టిక బతికి బట్టకట్టింది. చాలా కాలం తర్వాత ఒక పరిశోధక విద్యార్థిని తన కంప్యూటరు మోడల్‌ను సరిచూసుకోడానికి దాన్నే తీసుకుంది. గాలి, ఎండ, నదుల నీరు ఇస్తే షెల్ఫ్ మీద వేడి, ఉప్పు ఎలా మారతాయో ఆ మోడల్ లెక్క కడుతుంది. మిగతా నెలలు ఫర్వాలేదు, చలికాలం మాత్రం కుదరడం లేదని వచ్చింది. ఏటా డిసెంబరు రాగానే మోడల్‌లో ముప్పై మీటర్ల కింద నీరు వెచ్చబడుతోంది. "మీ పట్టికలో అలా లేదు సార్, అందుకని మోడల్‌లో మిక్సింగ్ కొంచెం పెంచి సర్దేద్దామనుకుంటున్నాను" అంది. ఆ మాటకు బాగుందన్నట్టు తలూపబోతున్నాను. అంతలో మామూలుగా, ఏ ఉద్దేశమూ లేకుండా అడిగింది: "డిసెంబరుకి మీ దగ్గర అసలు ఎన్ని ప్రొఫైల్స్ ఉన్నాయి సార్?"

చెప్పలేకపోయాను. పాత ఫైళ్ళు తీసి చూస్తానన్నాను.

చెడ్డవని పక్కన పెట్టిన ఒక ప్రొఫైల్‌ను ఆ రాత్రి తీసి, ఈసారి ఉష్ణోగ్రతను, లవణీయతను పక్కపక్కన గీశాను. రెండూ ఒకే లోతులో పెరుగుతున్నాయి. నాకు అప్పటికే తెలిసి ఉండాల్సిన విషయం అక్కడ పట్టుబడింది. వాహకత వేడికీ పెరుగుతుంది, ఉప్పుకూ పెరుగుతుంది. అందులోంచి వేడి వాటాను తీసేస్తే మిగిలేది ఉప్పు. థర్మామీటరు తప్పుగా ఒక డిగ్రీ ఎక్కువ చూపిందనుకోండి, వేడి వాటాను ఎక్కువగా తీసేస్తాం, లవణీయత సుమారు 0.7 మేర తక్కువగా లెక్కకు వస్తుంది. అంటే పరికరంలోనే లోపముంటే ఉష్ణోగ్రత పైకి పోయిన చోట లవణీయత కిందికి పోవాలి. ఇక్కడ 28 నుంచి 33కి ఎగబాకింది. నా పరికరం నిర్దోషి అని చెప్పే సాక్ష్యం అదే ఫైల్లో, పక్క కాలమ్‌లోనే ఉంది. ఇన్నాళ్ళూ నేను ఒక కాలమ్ చూసి తీర్పు చెబుతూ వచ్చాను.

మిగతాది కూడికలు తీసివేతలే. అక్టోబరు, నవంబరుల్లో తక్కువ ఉప్పు నీరు పైన పరుచుకుంటుంది. ఆ వేళకు కింద ఉన్న నీరు ఇంకా వెచ్చగానే ఉంటుంది, దానికి మూత పడుతుంది. డిసెంబరులో ఈశాన్యం నుంచి పొడిగాలి వీస్తుంది, ఆకాశం తేటగా ఉంటుంది, రాత్రిళ్ళు పెద్దవి. పైనీరు ఆవిరవుతూ వేడి పోగొట్టుకుని చల్లబడుతుంది. మామూలుగా చల్లబడిన నీరు బరువెక్కి కిందికి దిగి కలిసిపోవాలి. ఇక్కడ దిగదు. వెచ్చటి నీళ్ళలో లవణీయత ఒక్క అంకె తగ్గితే ఎంత తేలికవుతుందో, అంత తేలిక కావాలంటే రెండు, రెండున్నర డిగ్రీలు వేడెక్కాలి. పైకీ కిందికీ ఉప్పులో తేడా ఐదు ఉన్నప్పుడు పైనీరు రెండు డిగ్రీలు చల్లబడితే ఏమవుతుంది? ఏమీ కాదు, ఇంకా పైనే తేలుతుంది. బంగాళాఖాతంలో ఏ నీరు పైన ఉండాలో తేల్చేది వేడి కాదు, ఉప్పు. ఇలా పైన చల్లగా, కింద వెచ్చగా ఉండడాన్ని ఇన్వర్షన్ అంటారు. ఇది కొత్త విషయం కూడా కాదు, ఎందరో రాశారు. నాకు తెలియంది సముద్రం గురించి కాదు, నేను రాసుకున్న ప్రోగ్రాము గురించి.

ఇదంతా ల్యాబులో కొట్టుకునే తగవు అనుకోవడానికి లేదు. తుపాను గాలి సముద్రాన్ని చిలికినప్పుడు కిందినుంచి చల్లటి నీరు పైకొస్తే తుపానుకు అందే వేడి తగ్గుతుంది. వానాకాలం ముందు వచ్చే తుపానుల వెనక సముద్రం అలాగే బాగా చల్లబడుతుంది. వానాకాలం తర్వాత వచ్చేవాటి వెనక అంతగా చల్లబడదు. తేలిక నీటి మూత ఉన్నప్పుడు నీళ్ళు అంత సులువుగా చిలకబడవు, చిలికినా పైకొచ్చేది వెచ్చటి నీరే. హుద్‌హుద్ తుపాను విశాఖ మీదికి వచ్చింది 2014 అక్టోబరు 12న. దాని బలానికి ఇదొక్కటే కారణమని చెప్పను. కానీ అలాంటి కాలంలో షెల్ఫ్ మీద ముప్పై మీటర్ల కింద ఎంత వేడి దాగి ఉందో చెప్పాల్సిన పట్టికలో నేను నున్నటి గీత గీసి కూర్చున్నాను. ఉపగ్రహం చూసి చెబుతుందిలే అనుకోడానికీ లేదు, అది చూసేది పైచర్మాన్నే. డిసెంబరులో ఉపగ్రహానికి మన తీరం చల్లగా కనిపిస్తుంది, కింద దాచుకున్నది దానికి అందదు.

ఆ అమ్మాయికి మర్నాడే ఫోను చేసి, మోడల్‌ను ముట్టుకోవద్దు, పట్టికే తప్పని చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే మిగతా నెలలు కూడా ఒకసారి చూసి చెప్తారా సార్?" అంది. మర్యాదగానే అంది.

పాత ఫైళ్ళన్నీ మళ్ళీ విప్పాల్సి వచ్చింది. కొన్నిటిలో అసలు రీడింగులే లేవు. డిస్కులో చోటు చాలక, శుభ్రం చేసిన ఫైలును అసలు ఫైలు మీదే రాసేశాను. వాటి కోసం పడవ మీద పెన్సిలుతో రాసుకున్న లాగ్‌బుక్కులు వెతికాను. ఉప్పునీరు తగిలి అట్టలు ఉబ్బాయి గాని పెన్సిలు చెక్కుచెదరలేదు. ఐదేసి మీటర్లకు ఒక అంకె చొప్పున చాలావరకు దొరికాయి. కొన్ని పేజీల్లో డిసెంబరు అంకెల పక్కన నా చేతిరాతతోనే ప్రశ్నార్థకాలు, ఒకచోట పెద్దక్షరాల్లో 'మళ్ళీ చెడిపోయింది' అని. పట్టిక కొత్తగా కట్టి, అప్పటిదాకా దాన్ని తీసుకున్నట్టు నాకు తెలిసినవాళ్ళందరికీ ఉత్తరం రాశాను. ఇద్దరు జవాబిచ్చారు.

ప్రోగ్రాములో ఇప్పుడు ఆ లైను లేదు. ఆర్గో వాళ్ళు చేసే పద్ధతిలోనే ఏ రీడింగునూ తుడిచెయ్యకుండా ప్రతిదానికీ పక్కన ఒక అంకె వేస్తున్నాను. 1 అంటే మంచిది, 2 బహుశా మంచిది, 3 బహుశా చెడ్డది, 4 చెడ్డది. పాత డిసెంబర్లలో ఎక్కువ భాగం 4 నుంచి 1కి మారాయి. కొన్ని మారలేదు. ఒక ఏడాది మాత్రం మా వించ్ కేబులు నిజంగానే తెగడానికి వచ్చింది, నీరెక్కింది. ఆ నెలలో వెచ్చగా కనబడిన కొన్ని చోట్ల అది సముద్రమో కేబులో నేటికీ తేల్చలేకపోతున్నాను. అసలు ఫైళ్ళు ఉంటే వాహకత చూసి చెప్పేవాణ్ణి. వాటికి 3 వేసి ఉంచాను.